మా బడిలో రొట్టె

సెప్టెంబరులో రైలు మమ్మల్ని దింపేది.
కోటు గుండీకి వేలాడే అట్టముక్క మీద పేరు, ఊరు,
పక్కనే నీలం సిరాతో ‘చెవుడు’.
పార్సిల్ మీద ‘పగిలేది, జాగ్రత్త’ అని రాస్తారే, అలాగ.

నాకు ఆరేళ్లు. నాన్న టోపీ తీసి
మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.
తిరిగొస్తాడని నాకు ఎవరు చెప్పగలరు?
చెప్పే భాష ఆయన దగ్గరా లేదు, నా దగ్గరా లేదు.
చచ్చిపోయాడనుకున్నాను.
జూన్ దాకా రోజూ కొంచెం కొంచెంగా
అనుకుంటూనే ఉన్నాను.

బడి చరిత్ర అచ్చేశారు. అందులో నాన్న టోపీ లేదు.
తొలి పేజీ నిండా గడ్డాలు.
చేపనూనె వర్తకుడు డల్హాంటీ ఇచ్చిన నాలుగు వేల డాలర్లు,
మూడు ప్రావిన్సులు తలా కాస్త,
ఫండీ అఖాతానికి ఎదురుగా
ఎర్ర ఇటుకల నాలుగంతస్తులు,
నెత్తిన ఒక కంచు గంట.

చెవిటి పిల్లల బడికి గంట!
ఎవరూ నవ్వినట్టు మాత్రం రాయలేదు.
మేమైతే గోడకి అరచేతులు ఆనించేవాళ్ళం,
చల్లటి ఇటుకలోంచి అది
మోచేతుల దాకా పాకేది.

పంతొమ్మిది వందల పన్నెండు:
‘ఇకపై నోటిమాట మాత్రమే.’
ఒక్క వాక్యం. కింద కమిటీ సంతకాలు.
చెవిటి పంతులు ఒకాయన, తియోటిమ్ సురెట్,
ఇరవై రెండేళ్లు చేతులతో లెక్కలు చెప్పినవాడు,
ఆ నెలాఖరు నుంచి జీతాల పట్టీలో
కొలిమి గది కింద కనిపిస్తాడు.
పేరులో అక్షరం కూడా మారలేదు.

మిస్ రాంకిన్ మా నోటి ముందు కొవ్వొత్తి పెట్టేది.
‘ప’ అంటే మంట వంగాలి. ‘బ’ అంటే వణకాలి.
‘మ’ అంటే మంట కదలకూడదు,
ముక్కు ఎముకలో తేనెటీగ తిరగాలి.
మూడేళ్లకి ‘మామా’ అన్నాను. ఇంటికెళ్ళి అన్నాను.
అమ్మ ఏడ్చింది.
ఆ రాత్రి భోజనం దగ్గర
ఉప్పందించమని చెప్పలేకపోయాను.

చేతులు కట్టుకోండి, అనేవారు.
ఏ బడిలోనైనా అది బుద్ధిగా కూర్చోమనడం.
మా బడిలో నోరు మూసుకోమనడం.

ఎముకలు కొరికే చలి. బొగ్గు బకెట్ నింపే వంతు కోసం
మేము కొట్టుకునేవాళ్ళం.
కింద కొలిమి వెలుగులో
ముసలి తియోటిమ్ చేతులు ఎర్రగా మాట్లాడేవి.
పక్కనే వంటగది.
వంటావిడ రొట్టెని తిరగేసి
వేళ్ళ కణుపులతో అడుగున రెండుసార్లు తట్టి
చెవి దగ్గర పెట్టుకునేది, కాలిందో లేదోనని.
“చూశారా, రొట్టె కూడా వాళ్ళతోనే మాట్లాడుతుంది”
అని నవ్వేవాడాయన, ముందు పళ్ళు లేని నవ్వు.
అందుకే మా బడిలో రొట్టె అంటే
ఎడమ అరచేతి మీద కుడి కణుపులు, రెండుసార్లు.
ఇంకే ఊళ్ళోనూ అలా అనరు.
దీపాలార్పాక పక్కమంచం పిల్ల
నా అరచేతిలోనే తట్టేది: రొట్టె, రొట్టె.
ఆకలేసేది. వేయకపోయినా తట్టేది.

తర్వాత ఏదో ఏడాది
చేతులకి అనుమతి ఇస్తూ ఒక ఉత్తరం వచ్చిందట.
క్షమాపణ అందులో లేదు, తేదీ ఉంది.
తర్వాత పిల్లలు తగ్గారు.
చివరి సంవత్సరం పదకొండు మంది,
వాళ్ళకి తొమ్మిది మంది టీచర్లు.
ఇప్పుడు అవి ఫ్లాట్లు. మా పడకగదిలో
ఎవరిదో వ్యాయామం సైకిలు.
గంట ఎటు పోయిందో నేను అడగలేదు.

పోయిన నెల ఆసుపత్రిలో
దుబాసీ కుర్రాడొకడు, వినేవాడే, మంచివాడు,
కాలేజీలో నేర్చుకున్న శుభ్రమైన చేతులు.
పొద్దున్న ఏం తింటారని డాక్టరు అడుగుతోందన్నాడు.
తట్టాను, రెండుసార్లు.
అతను నా చేతిని చూశాడు, తలుపుని చూశాడు.
ఎవరో వచ్చారంటున్నాననుకున్నాడు.
లేచి వెళ్ళి
తలుపు తీశాడు.

నేను ఆపలేదు.